ఆలోచించి పెడతా

మకురజాకి
అక్టోబర్ 28

ఫుసాకోకి,

ఉత్తరం మొదట్లో ఆకులు ఎర్రబడ్డాయనీ గాలి చల్లబడిందనీ రాయాలి. నాకు అంత ఓపిక లేదు. పాదాలు ఇంకా వాచే ఉన్నాయి. నిన్న పొద్దుటినుంచీ వేడినీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టుకుని, ఒసాకాలో మూడు రోజులు మనం చూసిందేమిటా అని ఆలోచించాను. ఆలోచించినకొద్దీ ఒళ్లు మండిపోయింది.

కోట చూశాం. ఎలా చూశాం? టాక్సీ కిటికీలోంచి. "అదిగో అక్కా, చూశావుగా, ఇంక పద" అన్నావు. నేను మెడ తిప్పేలోపు చెట్లు అడ్డం వచ్చాయి. దిగి పైకి వెళ్దామంటే, "పైకెక్కితే ఏముంది, ఊరు కనిపిస్తుంది. ఊరు కిందనుంచీ కనిపిస్తుందిగా" అన్నావు. ఐదంతస్తుల గోపురం ఉన్న గుడికి వెళ్లాం. నువ్వు గుమ్మం దగ్గరే ఆగి చెప్పులు సరిచేసుకుంటూ ఉండిపోయావు. నేనొక్కదాన్నే లోపలికి పోయి, ఎవరితోనూ "అబ్బ, ఎంత బాగుందో" అనలేక, అలాగే తిరిగొచ్చాను. చూడ్డానికి తోడుంటుందని వచ్చినదాన్ని నేను. ఒక్కదాన్నే చూడాలంటే మా ఊళ్లో సముద్రం లేదా?

మిగతా టైమంతా దుకాణాలు. పెద్ద బజారు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకసారి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఇంకోసారి. ఊరికెళ్లి వస్తే ఇరుగుపొరుగులకి ఏదో ఒకటి తేవాలి, కాదనను. నేనూ మా ఇంటి ఓనరు సమెషిమ గారికి ఒక డబ్బా కొన్నాను. కానీ ఇరవై మూడు మిఠాయి డబ్బాలా తల్లీ! పైవాటాలో పియానో టీచర్‌కి కూడానా! పైగా అవన్నీ మోసింది ఎవరు? నువ్వు చిన్న చేతిసంచీ పట్టుకుని మహారాణిలా ముందు నడిచావు.

ఇంతకీ ఆ బట్టల కొట్టు సంగతి ఏం చేశావు? కుర్చీలో కూర్చుని ఆరు తానులు విప్పించావు. రెండు కప్పుల టీ తాగావు. తెల్ల రేగుపూల నీలం బట్ట భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకున్నావు. చివరికి "ఆలోచించి పెడతా" అని లేచావు. మర్నాడు పొద్దున నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు నేను ఆ కొట్టుకి మళ్లీ వెళ్లాను. నీకు చెప్పలేదు. "మా ఫుసాకో ఇంకా ఆలోచిస్తోంది, ఆ నీలం బట్ట ఎవరికీ అమ్మకండి" అన్నాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "అలాగేనమ్మా, వందేళ్లయినా ఉంచుతాం" అన్నాడు. లోపల ఎవరో కిసుక్కుమన్నారు కూడా. పాపం, మంచి మనిషి. నీ మాట కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. ఏదో ఒకటి తేల్చి కబురుపెట్టు.

ఇన్ని తిట్టాను కానీ, చివరిరోజు మధ్యాహ్నం నూడుల్స్ తింటూ నువ్వన్న మాటతో అన్నీ మాఫీ చేశాను. మా పక్కిల్లు ఖాళీ అయింది, వచ్చి ఉండు అని అడగడానికే నేను ఒసాకా వచ్చాను. మూడు రోజులూ నోట్లో నానబెట్టి ఆ రోజు అడిగాను. నువ్వు చాప్‌స్టిక్స్ కింద పెట్టి, కిటికీలోంచి చూసి, "ఆలోచించి పెడతా అక్కా" అన్నావు. అది చాలు నాకు. ఉక్కు కర్మాగారం క్వార్టర్స్‌లో పన్నెండేళ్లు గోడకి గోడ ఆనుకుని బతికాం. మీ ఆయనా మా ఆయనా ఒకే కొలిమి దగ్గర చేశారు, ఇప్పుడు ఇద్దరూ లేరు. నువ్వొక ఊళ్లో నేనొక ఊళ్లో ఒంటరిగా టీవీతో మాట్లాడుకోవడం ఎందుకు?

ఆ ఇల్లూ సమెషిమ గారిదే, ఆయనకి చెప్పేశాను. ఎవరికీ ఇవ్వనన్నాడు. త్వరగా ఆలోచించు. ఫోన్ మాత్రం చేయను. ఫోన్‌లో నవ్వేసి మాట మార్చేస్తావు. కాగితం మీద నవ్వలేవు.

కినుయో


ఒకాయమ
నవంబర్ 6

కినుయో అక్కకి,

ఇక్కడ గింకో చెట్లు పసుపు పచ్చగా మారి వీధంతా వెలుగు పరిచినట్టుంది. చలి మెల్లగా ముదురుతోంది. నీ పాదాల వాపు తగ్గిందని తలుస్తాను.

నన్ను తిట్టడం అయిపోయిందా? ఇప్పుడు నా వంతు. ఒసాకాలో ఎస్కలేటర్ ఎక్కితే కుడివైపు నిలబడాలి, ఎడమవైపు నడిచేవాళ్లకి వదలాలి అని నీకు ఎన్నిసార్లు చెప్పాను? నువ్వు మధ్యలో నా ఇరవై మూడు డబ్బాలతో గోడ కట్టినట్టు నిలబడ్డావు. వెనకనుంచి ఒకాయన "అమ్మగారూ, ఇక్కడే కాపురం పెట్టారా?" అన్నాడు. నువ్వు వెనక్కి తిరిగి "మీరు కాపురం సర్దుకోండి, నేను సామాను దించుతా" అన్నావు. నేను పుట్టిన ఊళ్లో నాకు తలెత్తుకోలేని పరిస్థితి.

నూడుల్స్ కొట్టు సంగతీ రాయనా? చారు ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని, "ఈ ఎండుచేప ఏ ఊరిది?" అని వంటాయన్ని పిలిచి అడిగావు. ఆయన వేరే ఊరి పేరు చెప్పాడు. అంతే, మీ మకురజాకి చేపని ఎలా పొగబెడతారో, ఎన్నిసార్లు ఎండబెడతారో అరగంట పాఠం చెప్పావు. బయట వరసలో ఉన్నవాళ్లు అద్దానికి ముక్కులు ఆనించి మనల్నే చూస్తున్నారు. ఆయన చేతులు కట్టుకుని "తెలుసుకున్నామండీ" అంటుంటే నేను గిన్నెలో తల పెట్టేసుకున్నాను.

ఇక భూమి కింద ఆ బజారులో దారి తప్పింది ఎవరివల్ల? "ఎవర్నీ అడగక్కర్లేదు, గాలి ఎటునుంచి వస్తోందో చూసి బయటపడతా" అన్నావు. గాలి యంత్రంలోంచి వస్తోందమ్మా! ఒకే కాఫీ హోటల్‌ని నాలుగుసార్లు దాటాం. నాలుగోసారి ఆ పిల్ల మనకి వంగి దండం పెట్టింది.

అయినా నవ్వుకున్నాం అక్కా. అది మాత్రం నిజం. ఫోటోలు కడిగించాను, రెండు పంపుతున్నాను. ఒకదాంట్లో నీ కళ్లు మూసుకుపోయాయి, ఇంకోదాంట్లో నోరు తెరిచి ఉంది. అంతకన్నా బాగా ఏదీ రాలేదు.

ఒంట్లో జాగ్రత్త.

ఫుసాకో


మకురజాకి
నవంబర్ 15

ఫుసాకోకి,

నాలుగు పేజీలు రాశావు. ఎస్కలేటర్ ఉంది, చారు ఉంది, నా నోరు కూడా ఉంది. ఇంటి మాట ఏది? వెనక్కి తిప్పి చూశాను, కవరు లోపల చూశాను. లేదు.

ఇరవై రోజులైంది నువ్వు ఆలోచించడం మొదలుపెట్టి. ఒక ఇంటి గురించి అంతసేపా? మా ఆయన్ని చేసుకోవాలో వద్దో నేను మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం టీకీ మధ్యలో తేల్చేశాను.

సరే, నేను ఊరికే కూర్చోలేదు. ఆ ఇంట్లో నేల మీద పరిచే గడ్డి చాపలన్నీ మార్పించాను. గదిలోకి అడుగుపెడితే పచ్చగడ్డి వాసన. పెరట్లో రెండు చాళ్లు ముల్లంగి వేశాను, నువ్వు వచ్చేసరికి ఊరగాయ పెట్టే సైజుకి వస్తాయి. చేపలు పొగబెట్టే వాసన ఉంటుంది, అది నాకు అలవాటై తెలియదు కానీ నీకు మొదటి నెల తుమ్ములు తప్పవు. నీ పెళ్లినాటి పౌలోనియా చెక్క బీరువా వెడల్పెంత? గుమ్మంలో పట్టకపోతే కిటికీ తీయించాలి. వెంటనే కొలిచి రాయి.

పక్కవీధి చేపలావిడకి కూడా నీ సంగతి చెప్పేశాను. "ఒసాకా ఆవిడా? అయితే బేరాలాడి నన్ను చంపుతుంది" అంది. నీకు ఇప్పుడే శత్రువుని తయారుచేసి పెట్టాను, చూడు.

కినుయో


ఒకాయమ
నవంబర్ 27

కినుయో అక్కకి,

పొద్దున కిటికీ తెరిస్తే పొగమంచు. ఎదురింటి చెట్టు మీద మిగిలిన పర్సిమన్ పండ్లు దీపాల్లా కనిపించాయి. వాటిని కాకులకి వదిలేశారు. చూస్తే ఎందుకో దిగులేసింది.

కొత్త చాపలు మార్పించావా? అయ్యో, ఎంత శ్రమపడ్డావు. వింటుంటే ఆ ఇంటికి ఎండ కూడా బాగా వస్తున్నట్టుంది. అంత మంచి ఇల్లు నాలాంటి ఒంటిమనిషికి దండగ కదా అక్కా. చిన్నపిల్లలున్న వాళ్లెవరైనా వస్తే సమెషిమ గారికీ సందడిగా ఉంటుంది. నీకూ కాలక్షేపం.

బీరువా చాలా పెద్దది. ఈ ఇంట్లోకి తెచ్చేటప్పుడే నలుగురు అవస్థ పడ్డారు.

నీ ఉత్తరాలు చదువుతుంటే నీ గొంతు వినిపిస్తుంది. ఇల్లు కాస్త వేడెక్కినట్టు ఉంటుంది.

ఫుసాకో


మకురజాకి
డిసెంబర్ 3

ఫుసాకోకి,

నీ మొహమాటం చాలించు! దండగట, చిన్నపిల్లలట. పక్కింటి ఉప్పు అడగడానికి మూడుసార్లు వాకిట్లో తచ్చాడి వెళ్లిపోయే మనిషివి నువ్వు, నాకు తెలియదా? నీకు ఇష్టమే, పైకి చెప్పడానికి సిగ్గు.

మొన్న ఫుకుఓకా నుంచి ఒక జంట ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఆ అమ్మాయి పెరట్లోకి వెళ్లి "ముల్లంగి కూడా ఉందండీ!" అని మురిసిపోయింది. నా ముల్లంగి! కప్పు కారుతుందని చెప్పాను. ఎండాకాలం పాములొస్తాయని చెప్పాను. ఓనరు అమ్మమ్మ దయ్యమై తిరుగుతుందని కూడా చెప్పాను. సమెషిమ గారు వెనకే నిలబడి అంతా విన్నాడట. వాళ్లు వెళ్లాక నా మీద పడ్డాడు. "కినుయో గారూ, మా అమ్మమ్మ ఈ ఇంట్లో పోలేదు, ఆస్పత్రిలో పోయింది. నాకొక్కటి చెప్పండి. మీ స్నేహితురాలు వస్తుందా, రాదా?"

"ఆలోచిస్తానంది. మా ఫుసాకో మాటంటే మాటే" అన్నాను.

"ఎన్నాళ్లండీ ఆలోచన? ఈ ఏడాది చివరిదాకా చూస్తాను. తర్వాత వాళ్లకే ఇచ్చేస్తాను" అన్నాడు.

నేను ఊళ్లో అందరి ముందూ నీ మాట పట్టుకుని నిలబడ్డాను. తొందరగా ఏదో ఒకటి రాయి. నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు.

కినుయో


ఒకాయమ
డిసెంబర్ 9

కినుయో అక్కకి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

నా చిన్నప్పుడు ఒసాకాలో మా నాన్నకి గొడుగుల కొట్టు ఉండేది, నీకు తెలుసు. గల్లా దగ్గర అమ్మ కూర్చునేది. కొనడానికి వచ్చినవాళ్లు పది గొడుగులు విప్పి చూసి "ఆలోచించి పెడతానండీ" అంటే, అమ్మ "అలాగేనండీ, మళ్లీ దయచేయండి" అని నవ్వి గొడుగులు ముడిచేసేది. ఒకసారి నాకు ఆరేళ్లప్పుడు, అలా అని వెళ్లిన ఒకావిడ ఆలోచించి తిరిగొస్తుందేమోనని సాయంత్రందాకా వాకిట్లో చూశాను. అమ్మ నన్ను లోపలికి లాక్కొచ్చి చెప్పింది. "పిచ్చిదానా, ఆలోచించి పెడతా అంటే వద్దు అని. ముఖం మీద వద్దంటే మన మనసు కష్టపడుతుందని అలా అంటారు. మనం కూడా అలాగే అనాలి."

ఒసాకాలో పసిపిల్లకి కూడా తెలిసిన మాట అక్కా అది. ఆ బట్టల కొట్టాయన వందేళ్లయినా ఉంచుతామన్నదీ, లోపల ఎవరో నవ్విందీ అందుకే. క్వార్టర్స్‌లో ఉన్న పన్నెండేళ్లలో నువ్వు అడిగినదేదీ నేను కాదనలేదు, కాబట్టి నా నోట ఆ మాట నువ్వు వినలేదు. పుట్టిన ఊళ్లో కాలు పెట్టగానే పాత నాలుక తిరిగొచ్చింది. అంతే. నీకు అర్థమైందనుకున్నాను. నువ్వు "సరే" అని నవ్వుతూ నా గిన్నెలో నీ చేపముక్క కూడా వేస్తుంటే, ఎంత పెద్దమనసో అనుకున్నాను.

సమెషిమ గారికి నా తరఫున క్షమాపణ చెప్పు. ఇల్లు ఆ జంటకి ఇచ్చేయమను.

ఫుసాకో


మకురజాకి
డిసెంబర్ 13

ఫుసాకోకి,

అంటే నేను నెలన్నరగా ఒక "వద్దు"కి చాపలు మార్పించానన్నమాట. "వద్దు"కి ముల్లంగి వేశాను. "వద్దు" కోసం ఒక పెద్దాయన అమ్మమ్మని దయ్యాన్ని చేశాను.

మా ఊళ్లో రానంటే రాననే అంటారు. అవతలివాళ్లు ఏడిస్తే ఏడుస్తారు, సాయంత్రానికి ముక్కు తుడుచుకుని చేపలు కొనడానికి పోతారు. మీ ఊరి మర్యాద నన్ను ఏడవనిచ్చిందా? ఊరంతా నవ్వేలా చేసింది. చేపలావిడ అడుగుతోంది, "ఒసాకా ఆవిడ ఎప్పుడొస్తుంది?" అని. ఆమెకి కూడా "ఆలోచించి పెడుతోంది" అని చెప్పనా?

నా మొహం మీద వద్దంటే నా మొహం పగిలిపోతుందా? ఎందుకు రావో అది కూడా రాయలేదు. నేనంటే విసుగా? నా గురకా? నా నోరా? మూడు రోజులు నాతో తిరిగాక ఇక చాలనిపించిందా? అదైనా చెప్పు. కారణం లేని "వద్దు" నాకు వద్దు.

సమెషిమ గారికి ఇంకా చెప్పలేదు. నోరు రావడం లేదు.

కినుయో


ఒకాయమ
డిసెంబర్ 22

అక్కా,

నేను రాను. ఇదిగో, తిన్నగా రాశాను. చెయ్యి ఆగిపోయింది కానీ రాశాను.

నీ గురకా కాదు, నీ నోరూ కాదు. పోయిన మే నెలలో డాక్టరు చెప్పాడు, వణుకు జబ్బు అని. ఒక చెయ్యి, అదే వైపు కాలు. మందులతో నెమ్మదిస్తుంది కానీ పోదట. రానురాను పెరుగుతుందట. ఒసాకాలో కాలు ఉన్నట్టుండి నేలకి అతుక్కుపోయేది. గుడి గుమ్మం దగ్గర నేను చెప్పులు సరిచేసుకోలేదు, గడప దాటలేకపోయాను. కోట ముందు ఎన్ని రాతిమెట్లో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అందుకే టాక్సీని ఆపనివ్వలేదు. నీకు చూపించాలని నాకు మాత్రం లేదా?

దుకాణాల్లో కుర్చీలుంటాయి అక్కా. బట్టల కొట్టులో ఆరు తానులు విప్పించింది కూర్చోవడానికే. ఇరవై మూడు డబ్బాలకి విడివిడిగా కాగితం చుట్టి తాడు కట్టాలంటే కొట్టువాళ్లకి ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంటలో కాలు సర్దుకునేది. పైవాటాలో పియానో టీచర్ అసలు లేనేలేదు. మా భవనానికి పైవాటాయే లేదు. ఆ మిఠాయిలు నేనొక్కదాన్నే ఇప్పటిదాకా తింటున్నాను. జన్మలో ఇంక గోధుమ మిఠాయి ముట్టను.

హోటల్ స్నానాల గదిలో రెండోరోజు నువ్వేమన్నావో గుర్తుందా? వేడినీళ్లలోంచి చేతులు పైకెత్తి చూసుకుని, "ఆరేళ్లు మా ఆయన్ని ఎత్తాను, దించాను, తుడిచాను. ఇప్పుడివి నా చేతులు" అన్నావు. అంత హాయిగా నీ మొహాన్ని నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు నువ్వు ఇంటి సంగతి అడిగావు. నాకు ఒక్క క్షణం ప్రాణం లేచి వచ్చింది. వస్తాను అనే మాట నోటిదాకా వచ్చింది. నీ చేతుల వైపు చూసి మింగేశాను.

ఆ చేతుల్ని నేను లాక్కోను. నేను రాను.

ఫుసాకో


మకురజాకి
డిసెంబర్ 26

ఫుసాకోకి,

నీ ఉత్తరం వాకిట్లోనే నిలబడి చదివాను. పోస్టాయన ఇంకా వెళ్లలేదు. "ఏమండీ, ఏదైనా చెడ్డ కబురా?" అని అడిగాడు. ఆయన్ని కూడా తిట్టాను.

మూడు రోజులు ఒకే గదిలో పక్కపక్కన పడుకుని నాకు చెప్పలేదు. మే నెలనుంచి దాచావు. నేను నిన్ను నిద్రలేపి నడిపించాను, తొందరపెట్టాను, మహారాణి అన్నాను. నన్ను ఇంత దద్దమ్మని చేసినందుకు నేను నిన్ను ఎప్పటికీ క్షమించను. ఇది ఒసాకా మాట కాదు, నిజంగానే క్షమించను. ఎదురుగా కూర్చోబెట్టి రోజూ తిడతాను.

చేతులు నావన్నాను. అవును. నావి కాబట్టి వాటితో ఏం చేయాలో నేను చెప్తాను. నువ్వెవరు చెప్పడానికి? మా ఆయన్ని ఎత్తమని నన్నెవరూ అడగలేదు, నేను సరేననీ అనలేదు. భార్యనన్నారు, చేశాను. ఈసారి నన్ను నేను అడిగాను. నాకు జవాబు వచ్చింది. అయినా నిన్ను ఎత్తి దించుతానని ఎవరన్నారు? అంతదూరం వస్తే నర్సుని పిలుద్దాం. ఈలోపు పదేళ్లు పడుతుందో పదిహేనేళ్లు పడుతుందో, నీ బట్టలు నువ్వే ఆరేసుకుంటావు. నేను గోడ ఇవతలనుంచి "ఇంకా అవలేదా?" అని అరుస్తుంటాను.

సమెషిమ గారికి అంతా చెప్పేశాను. జబ్బు సంగతి కూడా. కోపం తెచ్చుకోకు, చెప్పాల్సి వచ్చింది. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ఆ జంటకి వెనకవీధిలో తన తమ్ముడి ఇల్లు చూపించాడు. నిన్న వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంట్లో గడపలన్నీ చెక్కించేశారు. వాకిట్లో మెట్టు తీసి ఏటవాలుగా సిమెంటు పోశారు.

స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకి కర్ర బిగించాలి. వడ్రంగి అడిగాడు, "ఆవిడకి గట్టిగా ఉన్న చెయ్యి ఏదండీ? ఆ వైపు బిగించాలి" అని. నాకు తెలియదు ఫుసాకో. పన్నెండేళ్లు పక్కింట్లో ఉన్నాను, మూడు రోజులు నీ పక్కనే నడిచాను, ఏ చెయ్యి వణుకుతోందో నాకు తెలియదు. వడ్రంగి ముందు నాకు ఏడుపొచ్చింది.

అతను కొత్త సంవత్సరం సెలవులయ్యాక వస్తాడు. రాకపోతే జవాబు రాయకు, నాకు అర్థమవుతుంది. ఇంకో వంకా వద్దు, ఋతువులూ వద్దు. వస్తే గట్టిగా ఉన్న చెయ్యి ఏదో ఒక్క మాట రాయి చాలు.

కినుయో


(పోస్టుకార్డు)

ఒకాయమ
జనవరి 4

కినుయో అక్కకి,

ఎడమ చెయ్యి.

ఫుసాకో